కోపంలో పసుపు ఎన్ని పాళ్ళు?

మామయ్యకి,

నమస్కారం పెట్టి నీ మేనకోడలు రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా, నా ఉద్యోగం మాత్రం కులాసా కాదు. అక్కడ నువ్వూ, అత్తయ్యా, నీ నిచ్చెనలూ బావున్నారని తలుస్తాను.

ఫోన్ చేద్దామంటే నీ ఫోను డిస్టెంపరు బకెట్లో పడి లేతనీలంగా మారిందని అత్తయ్య పక్కింటి ఫోన్లోంచి చెప్పింది. కొత్తది కొనమంటే "దీని రంగు బావుంది, ఉండనీ" అంటున్నావట. సరే, ఇక ఉత్తరమే గతి.

విషయానికొస్తాను. మా చిత్రశాలలో పెద్ద హాల్లో ఏం పెట్టాలో ఎంచే పని ఈసారి నాకిచ్చారు. రెండేళ్ళుగా టిక్కెట్లు చింపుతున్నదాన్ని, ఒక్కసారి ఎంచమంటే వదుల్తానా? ఒక గేటు తెచ్చాను. గేటు బొమ్మ కాదు మామయ్యా, నిజం గేటే. ఇనుపది, రెండు రెక్కలది, పైనుంచి కిందిదాకా తుప్పు. అటు గోడ లేదు, ఇటు గోడ లేదు, హాలు మధ్యలో ఒంటరిగా నిలబడి ఉంటుంది. తోస్తే కీచుమని అరుస్తుంది. దాని పేరు 'రాకపోకలు'. చేసినవాడు ఒక గడ్డం శిల్పి. ఆయన పెద్దగా మాట్లాడడు, ఆయన బదులు ఆ గేటే మాట్లాడుతుంది.

మొదటిసారి తోసినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఊరికి మాత్రం ఒళ్ళు మండింది. 'పాత సామాన్ల కొట్టుకి దారి ఇటు' అని పేపర్లో రాశారు. ఒకాయన టిక్కెట్టు రెండు ముక్కలు చేసి గేటుకి గుచ్చి పోయాడు. ఒకావిడేమో దాని ముందు నిలబడి అరగంట ఏడ్చింది. ఎందుకమ్మా అంటే, "నాకేం తెలుసు, ఇంకోసారి తొయ్యి" అంది.

రోజూ హాల్లో వాదులాటలే. తిట్టుకుంటున్నారని మా డైరెక్టరమ్మ ఒక ఉపాయం పట్టారు. గేటుకి ఎదురుగోడ తెల్లగా వదిలి, నాలుగు గిన్నెల్లో రంగులు పెడతారు. చూసినవాళ్ళు నోరు మెదపకుండా బొటనవేలు ముంచి గోడమీద ఒత్తాలి. కోపమొస్తే ఎరుపు, సంతోషమైతే పసుపు, దిగులైతే నీలం, మనసు కుదుటపడితే ఆకుపచ్చ. నెలాఖరుకి లెక్క. మొత్తం ముద్రల్లో సగానికి మించి ఎరుపుంటే గేటు హాల్లోంచి పోతుంది. దాని వెనకే నేనూ పోతాను. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం డైరెక్టరమ్మ సొరుగులోనే ఉంది, ఈ గేటు సంగతి తేలాక సంతకం పెడతానన్నారు.

అందుకని నాలుగు రంగులూ నువ్వే పంపాలి. వేలిది కడిగితే పోవాలి, గోడది రుద్దినా పోకూడదు. అలాగే ఒక ఆదివారం నీ మనుషుల్ని తీసుకుని వచ్చి చూడు. మీ మనసుకి ఏది తోస్తే ఆ రంగే పెట్టండి. నాకోసమని పెట్టొద్దు, ఒట్టు.

నీ మేనకోడలు

తా.క.: నాకోసమని పెట్టొద్దన్నాను గానీ, పసుపు గిన్నె కుడిచేతివైపు చివర్లో ఉంటుంది.

*

చిరంజీవి మేనకోడలికి,

మీ మామయ్య దీవించి రాయించి, మళ్ళీ తనే కొట్టేసి సొంతంగా రాస్తున్న ఉత్తరం. మీ అత్తయ్యకి చెప్పి రాయిద్దామంటే నేను ఒకటి చెబితే తను మూడు కలుపుతోంది. రంగులు కలపడం నా పని, మాటలు కలపడం తన పని.

వేలిది పోవాలి, గోడది పోకూడదు అన్నావు. అలాంటి రంగు ప్రపంచంలో ఏ డబ్బాలోనూ లేదు. కాబట్టి నేనే కలిపాను. ఆరాక రుద్దితే చెక్కుచెదరదు, తడి తగిలితే మాత్రం కరుగుతుంది. గోడమీద ఎవరినీ నీళ్ళు చిలకరించనివ్వకు. డబ్బాలు బస్సులో పంపాను, మూతలమీద నా బొటనవేలి గుర్తు ఉంటుంది.

ఒక్క మాట అడగాలి. కోపానికి ఎరుపని మీ డైరెక్టరమ్మకి ఎవరు చెప్పారు? నలభై ఏళ్ళుగా రంగుల్లో పొర్లుతున్నాను, ఏ రంగూ నాతో ఫలానా నా బుద్ధి అని చెప్పలేదు. మీ అత్తయ్యకి కోపమొస్తే ఎర్రబడదు, పాలిపోతుంది. ఆ తెలుపు చూసి నేను ఎన్నిసార్లు మెట్లమీద కూర్చుని అన్నం తిన్నానో నీకు తెలీదు. పసుపు అన్నావు, ఏ పసుపు? నా దగ్గర పదకొండున్నాయి. వాటిలో ఒకటి సంతోషం, రెండు అనుమానం, ఒకటి కామెర్లు. నేను మంచిదే చూసి పంపాను.

వచ్చే ఆదివారం మా ముఠా అంతా వస్తుంది. నాతో కలిపి ఇరవైనాలుగు మందిమి. పొడుగాడు అప్పుడే కొత్త చొక్కా ఇస్త్రీ చేయించాడు. మనవాళ్ళలో ఒక్కడూ ఇంతవరకు చిత్రశాల లోపలికి వెళ్ళలేదు, బయటి గోడలకే రంగులేశారు. నీ పరువు నిలబెడతాం. నువ్వు ఎంచిన పని అంటే నాకు చూడకముందే గర్వంగా ఉంది.

ఇట్లు,
నీ మామయ్య

తా.క.: ఇది అత్తయ్య రాస్తున్నది. ఆయన మెట్లమీద కూర్చున్నది నా కోపం చూసి కాదు, గచ్చుకి వేసిన రంగు ఆరలేదని.

*

మామయ్యకి,

నమస్కారం పెట్టాలో వద్దో తెలియక ఆలోచించి, పెట్టే రాస్తున్నాను.

ఆదివారం నాకు సెలవు. సోమవారం పొద్దున్నే హాల్లోకి అడుగుపెట్టి గోడ చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. శనివారం సాయంత్రానికి ఎరుపు, మిగతావన్నీ దాదాపు సమానంగా ఉన్నాయి. ఇప్పుడు గోడ మధ్యలో వరసగా, తాడు పట్టి గీసినట్టు, ఒకే ఎత్తులో ఇరవైనాలుగు ఎర్రటి బొటనవేళ్ళు! ఇంత నీటుగా ముద్ర వేసేవాళ్ళు ఎవరా అని సందర్శకుల పుస్తకం తీశాను. మొదటి సంతకం నీది. దానికింద ఇరవైమూడు.

ఇరవైనాలుగు మంది వస్తే ఒక్కరికీ నచ్చలేదా మామయ్యా? పోనీ నచ్చలేదు. ఇంత దూరమొచ్చి మా ఇంటి తలుపు తట్టి "అమ్మాయీ, ఇదేం గేటే, నా తలకాయలా ఉంది" అని మొహంమీదే అనొచ్చుగా? నేను చిన్నప్పుడు గోడంతా బొగ్గుతో గీస్తే, అత్తయ్య కర్ర తీసుకొస్తుంటే అడ్డంగా నిలబడి "గీసుకోనీ, గోడ మళ్ళీ నేనేస్తాను" అన్నది నువ్వే కదా. అదే నోరు, అదే వేలు. నాకు అన్నం సయించలేదు.

దీనికితోడు పేపరువాళ్ళకి ఎలా తెలిసిందో, 'సొంత బంధువులకే నచ్చని గేటు' అని వేశారు. డైరెక్టరమ్మ నన్ను చూసి సొరుగు ఒకసారి తెరిచి మూశారు.

కోపంగా, అయినా ప్రేమగా,
నీ మేనకోడలు

తా.క.: గోడ అడుగున ఒక ఎర్రటి పాదం కూడా ఉంది. దాన్ని ఎలా లెక్కించాలో మా చిత్రశాల కమిటీకి పాలుపోవట్లేదు. ఐదు వేళ్ళున్నాయి కాబట్టి ఐదు ముద్రలని ఒకాయన వాదిస్తున్నాడు. ఆ కాలు ఎవరిది?

*

చిరంజీవి మేనకోడలికి,

దీవెనలు తర్వాత, ముందు నా మాట విను. కోపమేమిటే? ఎవరికి? నీ ఉత్తరం మా వాళ్ళకి చదివి వినిపిస్తే లప్పం తాత చేతిలో లప్పం పూసే పలక జారవిడిచాడు. గోడకి లప్పం పూస్తూ డెబ్భై ఏళ్ళొచ్చినా ఏనాడూ పలక జారవిడవని మనిషి.

అసలు సంగతి ఇది. మా పనిలో ఒక అలవాటుంది. పని చూడ్డానికి వెళ్ళిన మేస్త్రీ, ఆ వస్తువుకి ముందు ఏ పూత పడాలో ఆ రంగు వేలికి అద్దుకుని పక్కగోడమీద పెట్టి వస్తాడు. తర్వాత వచ్చేవాడు ఎవర్నీ అడగక్కర్లేదు. లప్పం పడాలంటే తెల్ల చుక్క, ఇనుముమీద తుప్పుంటే ఎర్ర చుక్క. ఎర్ర చుక్కంటే 'ముందు రెడ్ ఆక్సైడు, ఈ పని మేం చేస్తాం' అని అర్థం. అంతకంటే పెద్ద మర్యాద మా దగ్గర లేదు. నచ్చని పనికి ఏ చుక్కా పెట్టం, చెప్పులేసుకుని వచ్చేస్తాం.

మీ గేటు చూశారా, చేతులు దురద పెట్టాయి మావాళ్ళకి. "ఎంత మంచి ఇనుము, ఎవడిలా గాలికొదిలేశాడు" అని పొడుగాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఒకడు పెట్టాడు, వెనకున్నవాడు పెట్టాడు. మీ నాలుగు రంగుల బోర్డు ఉందంటావా, ఉంది, చదివాం. కానీ తుప్పు కళ్ళెదురుగా ఉంటే బోర్డు ఎవడికి గుర్తుంటుంది?

నువ్వు దిగులుపడకు. చేసినవాళ్ళమే సరిదిద్దుతాం. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాం, ఎర్ర చుక్కలమీద పసుపు పూసి పోతాం. పేపరువాళ్ళు కూడా ముక్కున వేలేసుకుంటారు.

ఇట్లు,
నీ పరువు తీసి, నిలబెట్టబోతున్న మామయ్య

తా.క.: ఆ కాలు పొడుగాడిది. గిన్నె నేలమీద పెట్టారు, వాడికి తన కాళ్ళు అంత కిందిదాకా ఉంటాయని గుర్తుండదు. ఒక్క ముద్ర కూడా కాదది, పొరపాటు.

రెండో తా.క.: చెప్పడం మరిచాను. మీ గేటు పాపం చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. నా జేబులో నూనె సీసా ఎప్పుడూ ఉంటుంది కదా, మడతబందులకి నాలుగు చుక్కలు పోశాను. ఇప్పుడు వేలితో తోస్తే చాలు, పిల్లిలా కదులుతుంది. దీనికి థాంక్సులూ అవీ ఏం చెప్పక్కర్లేదు.

*

మామయ్యా!

నమస్కారం లేదు, కుశలం లేదు. నా కొంప మునిగింది.

ఆ అరుపే మామయ్యా కళంటే! ఆ గేటుని మూడేళ్ళు వానలో ఉంచి, ఏ వానకి ఏ స్వరం పలుకుతుందో రాసుకుని, ఆ కీచు కోసం మా శిల్పి గడ్డం పెంచేశాడు. మంగళవారం వచ్చి, నలుగురు విలేకరుల ముందు "వినండి" అని గేటు తోశాడు. గేటు తెరుచుకుంది. మూసుకుంది. ఈగ వాలిన చప్పుడు కూడా లేదు. మళ్ళీ తోశాడు. ఆ తర్వాత నేలమీద కూర్చుండిపోయాడు. మంచినీళ్ళిచ్చి లేపాం.

నువ్వు చేశావని నేను చెప్పలేదు. 'వాతావరణం మారింది' అన్నాను. నాకు అబద్ధాలు చెప్పడం రాదని నీకు తెలుసు, చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు చూసి డైరెక్టరమ్మకి అంతా అర్థమైపోయింది.

ఇప్పుడు అరుపు వినడానికి వచ్చినవాళ్ళు అరుపు లేదని కోప్పడి ఎరుపు పెడుతున్నారు. ఇదివరకు అరుస్తోందని కోప్పడి ఎరుపు పెట్టినవాళ్ళు, ఇప్పుడు అరవట్లేదని తెలిసి మళ్ళీ వచ్చి నీలం పెడుతున్నారు. చచ్చిపోయినట్టుందట.

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, నీమీద కోపం మాత్రం పోయింది. ఎర్ర చుక్కంటే మర్యాద అని తెలిస్తే నేనే ఇరవైనాలుగింటికీ దండం పెట్టేదాన్ని. కానీ దయచేసి ఆదివారం రావద్దు. ముద్రమీద ముద్ర వేయకూడదని రూలు లేదు గానీ, ఉంటే బావుండునని అందరూ అనుకుంటున్నారు. నూనె సీసాతో అసలు రావద్దు. నువ్వు ఇంట్లో కూర్చుంటే అదే నాకు చేసే పెద్ద సాయం.

ఇట్లు,
చెవులింకా ఎర్రగానే ఉన్న నీ మేనకోడలు

తా.క.: ఆ నూనె ఏ రకమో చెప్పమని శిల్పి అడుగుతున్నాడు, తుడిచేయడానికి. టర్పెంటుతో పోతుందా?

*

చిరంజీవి మేనకోడలికి,

రావద్దన్న నీ ఉత్తరం సోమవారం అందింది. మేము ఆదివారమే వచ్చి వెళ్ళాం.

చెప్పినట్టే చేశాం. ఇరవైమూడు మందీ పసుపు దట్టంగా ముంచుకుని, సరిగ్గా ఎవరి చుక్కమీద వాళ్ళు ఒత్తారు. నేనూ నాది చేశాను. కానీ కడిగితే పోయే రంగు కదా, పైన తడి తగలగానే కింది ఎరుపు కరిగి పైకొచ్చి పసుపులో కలిసిపోయింది. నేను కలిపిన రంగు నాకే ద్రోహం చేసింది. వరసగా ఇరవైనాలుగు నారింజరంగు ముద్రలు తేలాయి. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నాయిలే. అయితే మీ బోర్డుమీద నారింజ లేదు.

మీ డైరెక్టరమ్మ అక్కడే ఉన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మేస్త్రీగారూ, ఇదేం భావం?" అన్నారు. లప్పం తాత ముందుకొచ్చి, "అమ్మా, కోపమొచ్చి తగ్గాక ఉంటుందే, అది" అన్నాడు.

నూనె టర్పెంటుతో పోదు. నేను పోసిన నూనె అంత తేలిగ్గా పోయేది కాదు, అది నా గొప్ప కాదు గానీ నిజం. శిల్పిగారికి నా తరఫున క్షమాపణ చెప్పు. అరుపులో కూడా పనితనం ఉంటుందని నాకు తట్టలేదు. మాకు అరిచే గేటంటే పని సరిగా చేయనివాడి గేటు.

ఇట్లు,
ఇకనుంచి ఇంట్లోనే కూర్చునే మామయ్య

తా.క.: అత్తయ్య రాస్తున్నది. ఈయన ఇంట్లో కూర్చుంటానంటున్నారు. అమ్మాయీ, నా మాట విని ఈయన్ని అక్కడికే పిలిపించుకో.

*

మామయ్యకి,

నమస్కారాలు. కూర్చుని చదువు, నిచ్చెనమీద ఉంటే దిగి చదువు.

నారింజ ఏ భావమో తేల్చడానికి కమిటీ రెండు గంటలు కూర్చుంది. ఎనిమిది మంది, ఎనిమిది అర్థాలు. ఒకాయన ఆకలి అన్నాడు, అది భోజనాల వేళ. తేలలేదు. ఈలోగా లప్పం తాత అన్న మాట ఎలా పాకిందో, హాలు బయట వరస వీధి మలుపుదాకా పోయింది. అందరూ రంగులు కలుపుతున్నారు మామయ్యా!

ఒక రిటైరైన లెక్కల మాస్టారు ఎరుపుమీద ఆకుపచ్చ పెట్టి, "గట్టిగా తిట్టుకున్నాను, హాయిగా ఉంది" అన్నాడు. ఒక జంట వచ్చింది. ఆవిడ నీలం పెట్టింది, ఆయన చూసుకోకుండా అక్కడే పసుపు పెట్టాడు. చక్కటి ఆకుపచ్చ తేలింది. అది ఒక ముద్రా రెండా అని వాళ్ళు అక్కడే పోట్లాడుకుని, నవ్వుకుంటూ వెళ్ళారు. గేటుముందు అరగంట ఏడ్చినావిడ మళ్ళీ వచ్చి, గేటు తోసుకుని అటువైపు వెళ్ళి, ఇటు తిరిగి, "ఇప్పుడు వెళ్ళడం తేలిగ్గా ఉంది" అని పసుపులో రవ్వంత నీలం కలిపి పెట్టింది. గడ్డం శిల్పి ఇదంతా మూలన నిలబడి చూశాడు. చివరికి ముందుకొచ్చి నాలుగు గిన్నెల్లోనూ వేలు ముంచి బురదరంగు ముద్ర ఒకటి వేశాడు. అదేమిటండీ అంటే, "సొంత పనిమీద ఎవడికైనా ఉండేదే" అన్నాడు. నెలరోజుల్లో ఆయన మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

ఇంతవరకు పండగలా ఉంది. ఇప్పుడు అసలు చిక్కు. శనివారం లెక్క. కలిసిన ముద్రల్ని ఎలా లెక్కించాలి? డైరెక్టరమ్మ తేల్చారు: ఏ రంగు పాలు ఎక్కువుంటే ఆ రంగు కిందే లెక్క. సరిగ్గా సగంసగం ఉంటే ముద్ర వేసినవాళ్ళనే పిలిచి అడగాలి. మరి పాళ్ళు చెప్పేదెవరు? ఆరిన రంగు చూసి ఇది ఎన్ని పాళ్ళు అని చెప్పగలిగినవాడు చుట్టుపక్కల ఒక్కడేనని రంగుల కొట్టువాళ్ళందరూ ఒకే పేరు చెప్పారు. నీది.

నేను వద్దన్నాను. బంధువు కదా అన్నాను. డైరెక్టరమ్మ, "ఆయన కన్ను కావాలి, ఆయన చుట్టరికం కాదు" అన్నారు. పేపరేమో అప్పుడే 'మేనకోడలి కుర్చీకి మేనమామ లెక్క' అని అచ్చేసింది. కాబట్టి మామయ్యా, నిన్ను ఒక్కటే అడుగుతాను. నాకోసం ఒక్క ముద్ర కూడా అటూ ఇటూ చేయకు. గేటు ఉండాలని నాకు ప్రాణం కొట్టుకుపోతోంది, నిజమే. నువ్వు తప్పు చెప్పి నిలబెడితే మాత్రం నేను దాన్ని ఇక చూడలేను.

లెక్కరోజు నన్ను హాల్లోకి రానివ్వరు. వరండాలో ఉంటాను.

నీ మేనకోడలు

తా.క.: నూనె సీసా ఇంట్లో పెట్టి రా. గుమ్మం దగ్గర జేబులు తడుముతారు, నేనే చెప్పాను.

*

చిరంజీవి మేనకోడలికి,

దీవెనలు. నువ్వు వరండాలో నిలబడి ఉంటే, నేను వెనక తలుపులోంచి వచ్చేశాను. నీ మొహం చూసే ధైర్యం లేకపోయింది. అందుకే ఈ ఉత్తరం.

ఎనిమిది గంటలు లెక్కపెట్టాను. మొత్తం పన్నెండువందల మూడు ముద్రలు. నా కన్ను ఒక్కచోట కూడా తడబడలేదు. మా వాళ్ళ ఇరవైమూడింటిలోనూ పసుపే ఎక్కువ, దట్టంగా పూశారుగా. ఎరుపు ఆరువందల ఒకటి. మిగతావన్నీ కలిపి ఆరువందల ఒకటి. ఇక ఒక్కటే మిగిలింది, సరిగ్గా సగంసగం ఉన్నది. ఎరుపు ఎంతో పసుపు అంతే. దాన్ని గుర్తుపట్టడానికి నాకు కన్ను అక్కర్లేదు. ఆ ముద్ర నాది.

రూలు ప్రకారం డైరెక్టరమ్మ నన్నే అడిగారు. "మేస్త్రీగారూ, మీది ఏ మనసు? ముందు ఏది కలిగితే దాని కిందే లెక్క."

అమ్మాయీ, నేను నీకు అబద్ధం రాశాను. ఇరవైమూడు మందీ పెట్టింది రెడ్ ఆక్సైడు చుక్కే, అది నిజం. నాది కాదు. నాది కోపమే.

నలభై ఏళ్ళుగా ఎన్ని గేట్లకి రంగులేశానో లెక్క లేదు. ఉప్పుకాగితంతో తుప్పు గీకి, వేళ్ళు పగిలి, మూడు పూతలు వేస్తే, తెరుచుకుని లోపలికి పోయేవాళ్ళే గానీ నిలబడి చూసినవాడు ఒక్కడు లేడు. తడి ఆరిందా అని వేలు పెట్టి చూసి, వేలు పాడైందని నన్ను తిట్టినవాళ్ళు మాత్రం ఉన్నారు. ఇక్కడేమో ఎవరూ ముట్టని తుప్పు గేటు, దానిమీద దీపాలు, దాన్ని చూడ్డానికి టిక్కెట్లు, వరసలు. కడుపు మండిపోయింది. నువ్వు తెచ్చిందని తెలిసి కూడా మండింది. ఎర్ర గిన్నెలో వేలు ముంచి గట్టిగా ఒత్తాను. తర్వాత నీ ఉత్తరం చూసి సిగ్గేసి, మావాళ్ళ చుక్క వెనక నా కోపం దాచుకున్నాను.

నూనె మాత్రం మంచి మనసుతోనే పోశాను, అది నమ్ము.

రెండో ఆదివారం పసుపు ఎందుకు పెట్టానంటే, నీకోసమని కాదు. బెంచీమీద కూర్చున్నాను. ఒకావిడ గేటు తోసి, "ఎంత మెత్తగా కదులుతోందో చూశారా, ఎవరి చెయ్యో గానీ" అంది. ఎవరితో అందో కూడా తెలీదు. నాకు లోపల ఏదో అయింది. లేచి వెళ్ళి పసుపు పెట్టాను. అదీ సంగతి.

డైరెక్టరమ్మకి ఇదంతా చెప్పి, ముందు ఎరుపేనన్నాను. ఎరుపు ఆరువందల రెండు. సగానికి మించింది. నీ గేటు పోయింది. నీ ఉద్యోగం కూడా నేనే తీసేశాను. తప్పు చెప్పి నిలబెట్టొద్దన్నావు కాబట్టి చెప్పలేదు. కానీ ఇంత కష్టమని ముందే తెలిస్తే నాకు ఒక కన్ను కనబడదని చెప్పి ఇంట్లో ఉండేవాణ్ణి.

నీ మామయ్య

తా.క.: అత్తయ్య రాస్తున్నది. నిన్నటినుంచి మనిషి కంచం ముందు కూర్చుని లేచిపోతున్నారు. నువ్వు తిట్టు, పొగుడు, ఏదో ఒకటి త్వరగా రాయి. ఈ ఇంట్లో రెండు రోజులుగా ఎవరూ నాతో పోట్లాడలేదు.

*

మామయ్యకి,

నీ మేనకోడలు సాష్టాంగపడి రాస్తున్నది. చేతులకి దుమ్మంటింది, హాలంతా ఊడుస్తున్నాం.

నీ ఉత్తరం చదవగానే కోపమొచ్చింది, దాచను. 'ఆరువందల రెండు' దగ్గర కాగితం మడిచి బల్లమీద పడేశాను. మళ్ళీ తీసి ఉప్పుకాగితం దగ్గరినుంచి చదివాను. నలభై ఏళ్ళు మామయ్యా. నీ గేట్లలోంచి నేనెన్నిసార్లు వచ్చానో, వెళ్ళానో. నేనూ ఒక్కసారి నిలబడి చూడలేదు. చిత్రశాలలో పనిచేస్తాను, చూడ్డమే నా పని. అదే నన్ను ఎక్కువ పొడిచింది.

ఇప్పుడు ఇక్కడి సంగతులు. సోమవారం గేటుని హాల్లోంచి తీశారు. మోసేవాళ్ళు "ఎక్కడ పెట్టాలి?" అన్నారు. మా వీధి గుమ్మానికి గేటు లేదు, రెండేళ్ళుగా తాడే కడుతున్నాం. డైరెక్టరమ్మ చూసి చూసి, "హాల్లో వద్దన్నారు గానీ గేటుండాల్సిన చోట వద్దని ఎవరూ అనలేదుగా" అన్నారు. శిల్పి తనే దగ్గరుండి బిగించాడు. రూలూ నిలబడింది, గేటూ నిలబడింది. దాన్ని తిట్టిపోసిన పేపరు విలేకరి కూడా దాన్ని తోసుకునే లోపలికి వచ్చాడు, వేరే దారి లేదు.

ఆ పేపరు ఈసారి ఏం రాసిందో తెలుసా? 'మేనకోడలి గేటుని మేనమామ కన్నే తీసేసింది' అని. లెక్కలో మోసముందని అరిచినవాళ్ళందరికీ నోళ్ళు పడిపోయాయి. డైరెక్టరమ్మ సొరుగు తెరిచి, ఈసారి మూయకుండా, కాగితం తీసి సంతకం పెట్టారు. "ఇలాంటి ఇంట్లోంచి వచ్చిన పిల్లని టిక్కెట్లు చింపడానికి పంపుతానా" అన్నారు. నువ్వు నిజం చెప్పి నా ఉద్యోగం తీశాననుకున్నావు. నాకది ఇచ్చిందే నువ్వు.

మొదటి పని వెంటనే అప్పజెప్పారు. హాలు ఖాళీ, వచ్చే నెలంతా ఏం పెడతావన్నారు. నేను కమిటీ ముందు నిలబడి నీ ఉత్తరంలో ఆ ఉప్పుకాగితం పేరా ఒక్కటి చదివాను. క్షమించు, నిన్ను అడగలేదు. ఎనిమిది మందికీ మొట్టమొదటిసారి ఒకే అభిప్రాయం వచ్చింది.

కాబట్టి విను. హాలు మధ్యలో ఒక పాత ఇనుపగేటు పెట్టిస్తున్నాం. నువ్వొచ్చి దానికి రంగు వేస్తావు. గీకడం దగ్గర్నుంచి ఆఖరి పూతదాకా, నీ పద్ధతిలో, తాపీగా. దీపాలన్నీ నీ చేతులమీదే. జనం వరసలో నిలబడి చూస్తారు. గోడ మళ్ళీ తెల్లగా ఉంటుంది, గిన్నెలుంటాయి. నీమీద కోపమొచ్చినవాళ్ళు ఎరుపు పెడతారు, తట్టుకోవాలి మరి.

సోమవారం పొద్దున బస్సుకి బయల్దేరు. లప్పం తాతనీ, పొడుగాణ్ణీ తీసుకురా, పొడుగాడికి చెప్పులు గట్టివి వేయించు. ఈసారి వెనక తలుపుకి తాళం వేయిస్తున్నాను. కంచం ముందు కూర్చుని తిను. అత్తయ్యతో నా తరఫున ఒకసారి పోట్లాడు.

ప్రేమతో,
నీ మేనకోడలు

తా.క.: సిబ్బందికి టిక్కెట్టు అక్కర్లేదు. అయినా మొదటి టిక్కెట్టు నేనే కొన్నాను. వరసలో నిలబడి చూస్తాను.